పాయింటర్ దగ్గర ఆగిపోవద్దు: ఫంక్షన్‌కి వెళ్లేది ఎర్రే కాదు, దాని అడ్రస్



మన గ్రూపులో స్కాలర్‌షిప్పుల మీద, హాస్టల్ సీట్ల మీద, కుల ధ్రువీకరణ పత్రాల మీద, ఉద్యోగ నోటిఫికేషన్ల మీద పోస్టులు వస్తుంటాయి. అవన్నీ కావాల్సినవే. ఈ రోజు నేను మాత్రం సీ ప్రోగ్రామింగ్‌లో ఒకే ఒక్క పాఠం గురించి రాస్తున్నా. ఎర్రేని ఫంక్షన్‌కి పంపడం, అదీ పాయింటర్‌తో. "గిరిజన విద్యార్థుల గ్రూపులో ఇదేం పోస్టు" అని కొందరు అనుకోవచ్చు. ఓపిగ్గా చివరిదాకా చదవండి, ఇది మన విషయమే అని మీకే తెలుస్తుంది. పోస్టు కొంచెం పెద్దది.

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతంలో తండాల నుంచి, ఎరుకల, యానాది కాలనీల నుంచి ఇప్పుడు డిప్లొమాకి, బీటెక్‌కి పిల్లలు వెళ్తున్నారు. చాలా ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి వాళ్లే. మనం మైదాన ప్రాంత గిరిజనులం. మనకు ఏజెన్సీ లేదు, ఐటీడీఏ లేదు. ఏ బ్రాంచి తీసుకున్నా మొదట్లోనే సీ ఎదురొస్తుంది. ఇఫ్ వస్తుంది, ఫర్ లూప్ వస్తుంది, ఎర్రే కూడా ఎలాగో వస్తుంది. పాయింటర్ చాప్టర్ దగ్గరికి వచ్చేసరికి బండి ఆగుతుంది. ఆ ఒక్క యూనిట్ వదిలేసి మిగతా వాటితో పాసవుదామనుకుంటారు. కానీ స్ట్రింగులూ పాయింటరే, స్ట్రక్చర్ లిస్టులూ పాయింటరే, రెండో ఏడాది డేటా స్ట్రక్చర్స్ మొత్తం పాయింటరే. ఒక యూనిట్ వదిలేస్తే మూడు సబ్జెక్టులు మెడకు చుట్టుకుంటాయి. సప్లీలు పేరుకుంటాయి, క్రెడిట్లు చాలవు, ఏడాది పోతుంది. ఏడాది పోతే ఇంట్లో ఆడపిల్లకి పెళ్లి మాట వస్తుంది, మగపిల్లాడికి కూలి పని వస్తుంది. ఆ పైన "రిజర్వేషన్ సీటు కదా, ఇంతేలే" అనే మాట వినపడుతుంది.

నా అభిప్రాయం ఒక్క ముక్కలో చెప్తా. పాయింటర్ కష్టం కాదు. దాన్ని మనకు చెప్తున్న తీరు తప్పు. ఊరికే అనడం కాదు, ముందు పాఠం చెప్పి చూపిస్తా, ఆ తర్వాత ఎవరు ఏం చెయ్యాలో మాట్లాడదాం.

ముందు మిరపతోటకి వెళ్దాం

మన వైపు మిరప కోతలు మీకు తెలుసు. మన అమ్మలు, అక్కలు, వదినెలు ముఠాగా వెళ్తారు. రైతు మేస్త్రికి ఏం చెప్తాడు? తోటని పీకి తెచ్చి మేస్త్రి చేతిలో పెట్టడు కదా. "ఆ గట్టు పక్కన వేపచెట్టు దగ్గర మొదటి సాలు. అక్కడి నుంచి 40 సాళ్లు" అంటాడు. రెండే ముక్కలు. మొదలు ఎక్కడ, ఎన్ని సాళ్లు.

ఎర్రేని ఫంక్షన్‌కి పంపడం అంటే అచ్చంగా ఇదే. ఎర్రే అంటే మెమొరీలో పక్కపక్కనే ఉన్న గళ్లు, సాళ్లలాగా. ఫంక్షన్‌ని పిలిచేటప్పుడు సీ భాష ఆ గళ్లన్నిటినీ మోసుకెళ్లదు. మొదటి గడి అడ్రస్ మాత్రమే పంపుతుంది. ఆ అడ్రస్ పట్టుకునే వేరియబుల్ పేరే పాయింటర్. ఎన్ని గళ్లున్నాయో మనం విడిగా చెప్పాలి.

కోడ్‌ని కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్‌లో రాసుకోండి.

వాయిడ్ పెంచు(ఇంట్ *పి, ఇంట్ ఎన్)
{
ఇంట్ ఐ;
ఫర్ (ఐ = 0; ఐ < ఎన్; ఐ++)
పి[ఐ] = పి[ఐ] + 10;
}

మెయిన్‌లో ఇలా ఉందనుకోండి: ఇంట్ కూలి[6] అని ఆరుగురి కూలి డబ్బులు పెట్టుకున్నాం. పెంచు(కూలి, 6) అని పిలిచాం. ఫంక్షన్ పని అయిపోయి వెనక్కి వచ్చాక కూలి ఎర్రేని ప్రింట్ చేస్తే ఆరు అంకెలూ పది చొప్పున పెరిగి కనిపిస్తాయి. ఎందుకు? మేస్త్రి కోసింది తోట బొమ్మలో కాదు, తోటలోనే. ఫంక్షన్‌కి వెళ్లింది అసలు గళ్ల అడ్రస్ కాబట్టి మార్పు అసలు గళ్లలోనే జరిగింది.

కాగితం మీద గీయండి. ఆరు గళ్లు గీసి కింద అడ్రసులు రాయండి: 1000, 1004, 1008, 1012, 1016, 1020. పక్కన విడిగా ఒక చిన్న గడి గీసి దానికి పి అని పేరు పెట్టి లోపల 1000 అని రాయండి. పి నుంచి మొదటి గడికి బాణం గీయండి. పాఠం మొత్తం ఈ బొమ్మలోనే ఉంది. ఈ బొమ్మ గీయకుండా పాయింటర్ చెప్పేవాళ్లు పాఠం చెప్పనట్టే లెక్క.

అడ్రస్ నాలుగేసి ఎందుకు పెరిగింది? ఇప్పటి కంపైలర్లలో ఇంట్‌కి మామూలుగా 4 బైట్లు. పి+1 అంటే 1001 కాదు, 1004. "తర్వాతి సాలుకి పో" అని అర్థం. సాలు వెడల్పు ఎంతో పాయింటర్ టైపు చెప్తుంది. క్యారెక్టర్ అయితే 1 బైటు, డబుల్ అయితే 8. అందుకే ఇంట్ పాయింటర్, క్యార్ పాయింటర్ అని వేరువేరుగా ఉన్నాయి. పి[ఐ] అని రాసినా, స్టార్ వేసి బ్రాకెట్‌లో పి+ఐ అని రాసినా ఒకటే. "మొదలు నుంచి ఐ సాళ్లు నడిచి అక్కడున్నది తీసుకో." అంతే. కూడికలో ముందువెనకలు మార్చినా ఒకటే కాబట్టి ఐ[పి] అని రాసినా సీ ఒప్పుకుంటుంది. అలా రాయమని కాదు, బ్రాకెట్లంటే లోపల కూడికే అని తెలియడానికి చెప్తున్నా.

సైజాఫ్ దగ్గర దెబ్బ

మెయిన్‌లో సైజాఫ్(కూలి) అడిగితే 24 వస్తుంది, ఆరు నాలుగులు. పెంచు ఫంక్షన్ లోపల సైజాఫ్(పి) అడిగితే 64 బిట్ మెషీన్‌లో 8 వస్తుంది. ఎర్రేలో 6 ఉన్నా 6,000 ఉన్నా అదే 8. అది తోట కొలత కాదు, చేతిలో ఉన్న అడ్రస్ చీటీ కొలత.

ఇక్కడ గైడ్లు పిల్లల్ని ఇంకా తికమక పెడతాయి. ఫంక్షన్ పారామీటర్‌ని ఇంట్ పి[] అని రాయొచ్చు, ఇంట్ పి[6] అని కూడా రాయొచ్చు. చూడ్డానికి ఎర్రేలా ఉంటుంది, కానీ కంపైలర్ దాన్ని ఇంట్ *పి గానే మార్చేసుకుంటుంది. ఆ 6 అంకెని అది లెక్కలోకే తీసుకోదు. మూడు రకాలుగా రాసినా వచ్చేది పాయింటరే. వీటిని "మూడు పద్ధతులు" అని మూడు ప్రశ్నలుగా బట్టీ పెట్టించే పుస్తకాలున్నాయి. పద్ధతి ఒక్కటే, రాత మూడు రకాలు.

ఇందులో పడేది మన పిల్లలే అనుకోకండి. 2015 సెప్టెంబరులో లినక్స్ కెర్నల్‌లో వైఫైకి సంబంధించిన కోడ్‌లో ఇదే జరిగింది. పారామీటర్‌ని ఎర్రేలా రాసి, ఫంక్షన్ లోపల దాని మీద సైజాఫ్ వాడారు. లినస్ టోర్వాల్డ్స్ అది చూసి మెయిలింగ్ లిస్టులో గట్టిగానే కోప్పడ్డాడు. ప్రపంచంలో కెర్నల్ రాసేవాళ్లకే జారే చోటు ఇది. కాబట్టి ఇక్కడ తడబడ్డ తండా పిల్ల తనకు తెలివి లేదనుకోనక్కర్లేదు. ఇప్పటి జీసీసీ ఇలా రాస్తే హెచ్చరిక కూడా ఇస్తుంది. ఆ హెచ్చరికలు చదివే అలవాటు చేసుకోండి.

"కాల్ బై రిఫరెన్స్" అనే బట్టీ

పరీక్షల్లో ఏటా కనిపించే ప్రశ్న: కాల్ బై వాల్యూకి, కాల్ బై రిఫరెన్స్‌కి తేడా రాయండి. పట్టిక గీసి ఆరు పాయింట్లు రాస్తే మార్కులు పడతాయి. కానీ నిజం చెప్పాలంటే సీలో ఉన్నది కాల్ బై వాల్యూ ఒక్కటే. పాయింటర్‌ని పంపినప్పుడు కూడా ఆ పాయింటర్ విలువ, అంటే అడ్రస్, కాపీ అయ్యే వెళ్తుంది.

రైతు దగ్గర ఒక చీటీ ఉంది, దాని మీద "వేపచెట్టు దగ్గర మొదటి సాలు" అని ఉంది. మేస్త్రికి ఆ చీటీని చూసి ఇంకో చీటీ రాసిచ్చాడు. మేస్త్రి తన చీటీ మీద గీతలు పెట్టుకున్నా, చింపేసినా రైతు చీటీకి ఏమీ కాదు. కానీ చీటీ చూసుకుని వెళ్లి తోటలో కోసిన కాయ కోసినట్టే. ఫంక్షన్ లోపల పి = పి + 1 అని రాస్తే మారేది ఫంక్షన్ చీటీ. పి[0] = 500 అని రాస్తే మారేది తోట. ఈ రెండింటి తేడా తెలిస్తే స్వాప్ ప్రోగ్రాం ఎందుకు పనిచేస్తుందో, ఎప్పుడు పనిచెయ్యదో ఎవరూ చెప్పక్కర్లేదు.

పరీక్షలో ఏం రాయాలి అంటారా? అడిగిన పట్టిక రాయండి, మార్కులు వదులుకోవద్దు. కింద ఒక్క వాక్యం చేర్చండి: "సీలో అడ్రస్ కాపీగా వెళ్తుంది, ఆ అడ్రస్ ద్వారా అసలు డేటా మారుతుంది." పేపర్ దిద్దేవాళ్లకి మీకు అర్థమైందని తెలుస్తుంది.

అన్నట్టు, స్కాన్‌ఎఫ్‌లో ఇంట్‌కి ముందు అండ్ గుర్తు పెడతాం, స్ట్రింగ్‌కి పెట్టం. "ఎందుకు?" అంటే "రూల్ అంతే" అంటారు. రూల్ వెనక కారణం ఇదే. స్కాన్‌ఎఫ్ కూడా ఒక ఫంక్షనే, దానికి అడ్రస్ కావాలి. మామూలు వేరియబుల్ అడ్రస్‌ని మనం అండ్ గుర్తుతో తీసివ్వాలి. ఎర్రే పేరు రాస్తే దానంతటదే మొదటి గడి అడ్రస్ అయిపోతుంది, ఇంక గుర్తు ఎందుకు? ఒక కారణం తెలిస్తే నాలుగు రూల్స్ బట్టీ పట్టే పని తప్పుతుంది.

అసలు ఇలా ఎందుకు పెట్టారు

దీని వెనక చిన్న చరిత్ర ఉంది, మన పుస్తకాల్లో ఇది రాయరు. సీ భాషని అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ 1970ల మొదట్లో తయారుచేశాడు. దానికి ముందు కెన్ థాంప్సన్ చేసిన బీ అనే భాష ఉండేది. బీలో ఎర్రే ప్రకటిస్తే గళ్లతో పాటు, ఆ గళ్ల మొదలు ఎక్కడుందో రాసిపెట్టుకునే ఒక అదనపు గడి కూడా నిజంగా ఉండేది.

రిచీ సీలోకి స్ట్రక్చర్లు తేవాలనుకున్నప్పుడు చిక్కు వచ్చింది. అప్పటి యునిక్స్‌లో డైరెక్టరీలో ఒక ఫైలు నమోదు 16 బైట్లు: 2 బైట్ల నంబరు, 14 అక్షరాల పేరు. దాన్ని స్ట్రక్చర్‌గా రాస్తే డిస్క్ మీద ఉన్నట్టే మెమొరీలో ఉండాలి. మధ్యలో ఆ అదనపు అడ్రస్ గడిని ఎక్కడ ఇరికించాలి? అందుకని రిచీ ఆ గడినే తీసేశాడు. ఎర్రే పేరుని లెక్కలో వాడినప్పుడు అప్పటికప్పుడు మొదటి గడి అడ్రస్‌గా మారేలా రూల్ పెట్టాడు. ఈ సంగతి ఆయన సీ భాష ఎలా పెరిగిందో చెప్తూ 1993లో రాసిన వ్యాసంలో వివరంగా ఉంది. సైజాఫ్ దగ్గర, ముందు అండ్ గుర్తు పెట్టినప్పుడు మాత్రం ఎర్రే ఎర్రేగానే ఉంటుంది. అందుకే మెయిన్‌లో 24 వచ్చింది.

అంటే ఇది దేవుడు పెట్టిన రూల్ కాదు. చిన్న మెషీన్లో, తక్కువ మెమొరీతో పని నడిపించుకోవడానికి ఒక మనిషి తీసుకున్న నిర్ణయం. లాభం ఉంది: వెయ్యి గళ్లున్నా ఒక్క అడ్రస్‌తో పని అయిపోతుంది. నష్టం కూడా ఉంది: ఎన్ని గళ్లో ఫంక్షన్‌కి తెలియదు. వాల్టర్ బ్రైట్ అనే కంపైలర్ నిపుణుడు 2009లో సీ చేసిన పెద్ద పొరపాటు ఇదే అని వ్యాసం రాశాడు. పెద్దవాళ్లు వాదించుకునే చోట మనల్ని మాత్రం నోరు మూసుకుని బట్టీ పట్టమంటున్నారు.

సాళ్ల లెక్క చెప్పకపోతే ఏమవుతుంది

మేస్త్రికి మొదలు చెప్పి లెక్క చెప్పకపోతే ముఠా గట్టు దాటి పక్క రైతు తోటలోకి పోతుంది. గొడవ ఖాయం. సీలో గట్టు కూడా కనపడదు. ఎర్రేలో 6 గళ్లుంటే ఏడో గడిలో రాసినా సీ ఆపదు. అక్కడ ఉన్న ఇంకో వేరియబుల్ చెడుతుంది, లేదా ప్రోగ్రాం కూలుతుంది, లేదా ఏమీ కానట్టు నడిచి రేపు ఇంకెక్కడో తేలుతుంది.

1988 నవంబరు 2న ఇదే లోపం ఇంటర్నెట్‌ని కుదిపేసింది. రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన ప్రోగ్రాం, మోరిస్ వర్మ్ అంటారు, యునిక్స్ మెషీన్లలో దూరడానికి వాడుకున్న దారుల్లో ఒకటి ఫింగర్ సర్వీసు. అందులో గెట్స్ అనే ఫంక్షన్‌కి 512 బైట్ల ఎర్రే ఇచ్చారు. గెట్స్‌కి వెళ్లేది అడ్రస్ ఒక్కటే, ఎంత చోటుందో చెప్పే దారే లేదు. వర్మ్ 536 బైట్లు పంపింది. మిగిలిన 24 బైట్లు గట్టు దాటి, ఫంక్షన్ తిరిగి ఎక్కడికి వెళ్లాలో రాసి ఉన్న చోటుని కూడా మార్చేశాయి. దాదాపు 6,000 మెషీన్లు దెబ్బతిన్నాయని అప్పట్లో అంచనా వేశారు. చివరికి 2011లో వచ్చిన సీ11 ప్రమాణంలో గెట్స్‌ని భాష నుంచే తీసేశారు. మన ల్యాబ్ రికార్డుల్లో మాత్రం గెట్స్ ఇంకా దర్జాగా కూర్చుంది. ఎఫ్‌గెట్స్ వాడండి, దానికి లెక్క కూడా ఇస్తాం.

ఇప్పుడు గమనించండి. మెయిన్‌కి వచ్చే ఆర్గ్‌సీ, ఆర్గ్‌వీ: ఒకటి లెక్క, ఒకటి మొదలు. క్యూసార్ట్: మొదలు, ఎన్ని, ఒక్కోటి ఎంత వెడల్పు. అంతా రైతు-మేస్త్రి ఒప్పందమే. స్ట్రింగులకి మాత్రం లెక్క బదులు చివర జెండా పాతుతారు, సున్నా అనే గుర్తు. "జెండా కనపడేదాకా పో" అని అర్థం. జెండా పాతడం మరిచిపోతే మళ్లీ పక్క తోటే.

ఇంకో మూడు చిన్న సంగతులు

ఒకటి, కాన్‌స్ట్. సాళ్లు లెక్కపెట్టడానికే మనిషిని పంపామనుకోండి, "చూడు, కాయ ముట్టుకోకు" అని చెప్తాం. కాన్‌స్ట్ ఇంట్ *పి అంటే అదే. మొత్తం కూడే ఫంక్షన్, పెద్ద అంకె వెతికే ఫంక్షన్ రాసేటప్పుడు ఇది పెట్టండి. పొరపాటున మార్చబోతే కంపైలరే పట్టుకుంటుంది.

రెండు, లోపలి ఎర్రే అడ్రస్ తిరిగి ఇవ్వడం. కోతల కోసం తోట దగ్గర వేసుకున్న గుడిసె కోతలవగానే పీకేస్తారు. ఆ గుడిసె అడ్రస్‌కి ఉత్తరం రాస్తే ఎవరికి చేరుతుంది? ఫంక్షన్ లోపల ప్రకటించిన మామూలు ఎర్రే ఫంక్షన్ అయిపోగానే పోతుంది. దాని అడ్రస్‌ని రిటర్న్ చెయ్యకూడదు. పిలిచేవాళ్లే ఎర్రే ఇవ్వాలి, లేదా మాలాక్‌తో తీసుకోవాలి.

మూడు, రెండు వరసల ఎర్రే. ఇంట్ ఎ[3][4] అంటే మూడు మడులు, మడికి నాలుగు సాళ్లు. ఫంక్షన్‌కి పంపేటప్పుడు ఇంట్ పి[][4] అని రాస్తాం. మొదటి బ్రాకెట్ ఖాళీగా ఉండొచ్చు, రెండోది ఉండకూడదు. ఎందుకంటే మడికి ఎన్ని సాళ్లో తెలియకపోతే మూడో మడి ఎక్కడ మొదలవుతుందో లెక్క కట్టలేం. మొదలు 1000 అయితే ఎ[2][1] అడ్రస్: రెండు మడులు దాటాలి, అంటే 8 సాళ్లు, ఇంకొకటి కలిపితే 9. 9 నాలుగులు 36. కాబట్టి 1036. చాలామంది ఇక్కడ రెండు స్టార్లు పెడతారు, అది వేరే సంగతి, పాయింటర్ల ఎర్రేకి వాడేది. ఈ లెక్క చేత్తో మూడుసార్లు చేస్తే ఇంక మరిచిపోరు.

పాఠం అయిపోయింది. ఇందులో పదో తరగతి పిల్లలకి అర్థం కానిది ఏముంది?

మరి లోపం ఎక్కడ

మొదటిది భాష. లంబాడా పిల్ల ఇంట్లో గోర్‌బోలి మాట్లాడుతుంది, బడిలో తెలుగు నేర్చుకుంటుంది, కాలేజీలో ఒక్కసారిగా ఇంగ్లిష్‌లో పడుతుంది. మూడో మెట్టు మీద నిలబడే లోపే పాయింటర్ వస్తుంది. "ఎ పాయింటర్ ఈజ్ ఎ వేరియబుల్..." అని నిర్వచనం డిక్టేట్ చేస్తే ఆ పిల్లకి వినపడేది శబ్దమే. మెమొరీ, అడ్రస్, ఎర్రే అన్న పదాలు ఇంగ్లిష్‌లోనే ఉండనీయండి, ఇంటర్వ్యూలో అవే కావాలి. వివరణ మాత్రం పిల్లకి తెలిసిన భాషలో ఉండాలి. 2021లో ఏఐసీటీఈ తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో బీటెక్ చెప్పడానికి అనుమతి ఇచ్చింది. మనం పూర్తి తెలుగు మీడియం కోరడం లేదు. క్లాసులో పది నిమిషాలు తెలుగులో చెప్పినా నామోషీ కాదని కాలేజీలు ఒప్పుకుంటే చాలు.

కొందరు సీనియర్లు "ఇంగ్లిష్‌లోనే కష్టపడి నేర్చుకుంటేనే ఇంగ్లిష్ వస్తుంది" అంటారు. ఇంగ్లిష్ రావాలనే మాట నేనూ ఒప్పుకుంటా. కానీ ఒకేసారి రెండు బరువులు ఎత్తమంటే రెండూ కింద పడతాయి. ముందు విషయం అర్థమైతే దాన్ని ఇంగ్లిష్‌లో చెప్పడం నాలుగు రోజుల పని.

రెండోది పాత సామాను. కొన్ని ల్యాబుల్లో ఇంకా బోర్లాండ్ వాళ్ల టర్బో సీయే నడుస్తోంది. అందులో ఇంట్ 2 బైట్లు. పాత పుస్తకాల్లో అడ్రసులు రెండేసి పెరుగుతాయి, పిల్ల ఫోన్లో చేసి చూస్తే నాలుగేసి పెరుగుతాయి. ఏది తప్పో తెలియక తననే తప్పనుకుంటుంది. రెండూ ఒప్పే, మెషీన్లు వేరు. జీసీసీ ఉచితం, అందులో చేయించడానికి పైసా ఖర్చు లేదు.

మూడోది ప్రశ్నపత్రం. "పాయింటర్ నిర్వచించండి" అని అడిగితే బట్టీ వస్తుంది. "ఈ ఫంక్షన్ నడిచాక మెమొరీ బొమ్మ గీయండి" అని అడిగితే ఆలోచన వస్తుంది. బట్టీలో మనం వెనకబడతాం, ఎందుకంటే అది ట్యూషన్లు, గైడ్లు కొనగలిగినవాళ్ల ఆట. బొమ్మ గీయడంలో, లెక్క కట్టడంలో ఎవరికీ ముందు వరస లేదు.

"ఇప్పుడంతా పైథాన్, ఏఐ కదా" అనేవాళ్లకి

ఈ మాట చాలామంది అంటున్నారు. పైథాన్‌లో లిస్టుని ఫంక్షన్‌కి పంపి లోపల అపెండ్ చేస్తే బయట కూడా పెరుగుతుంది. లోపల ఆ పేరుకి కొత్త లిస్టు పెడితే బయట ఏమీ మారదు. ఎందుకు? మళ్లీ అదే చీటీ, అదే తోట. మనం మామూలుగా వాడే పైథాన్ కూడా సీలో రాసిందే. మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ కింద నడిచేది లినక్స్ కెర్నల్, అదీ ప్రధానంగా సీయే. ఏఐని అడిగితే కోడ్ ఇస్తుంది, నిజమే. అది ఫంక్షన్ లోపల సైజాఫ్ పెట్టి ఇస్తే తప్పని పట్టుకునేది ఎవరు? పట్టుకోలేనివాడి ఉద్యోగమే ముందు పోతుంది. మన పిల్లలు ఆ వరసలో ఉండకూడదు.

మనం చెయ్యాల్సింది

ప్రభుత్వాన్ని, కాలేజీలని అడగాల్సినవి అడుగుదాం. అవి వచ్చేదాకా కూర్చుంటే ఈ బ్యాచ్ పోతుంది. నా ప్రతిపాదనలు ఇవి.

సీ పాసైన ప్రతి అన్న, ప్రతి అక్క ఇద్దరు జూనియర్లని తీసుకోవాలి. ఇద్దరు చాలు. వాళ్లు పాసయ్యేదాకా వాళ్ల బాధ్యత మీదే.

నెలకి రెండు ఆదివారాలు, ఒకటి జగ్గయ్యపేటలో, ఒకటి నందిగామలో కూర్చుందాం. చిల్లకల్లు మీదుగా బస్సు దారి ఉంది, ఎవరికీ మరీ దూరం కాదు. ల్యాప్‌టాప్ లేదని ఎవరూ ఆగొద్దు. ఈ పాఠానికి కావాల్సింది తెల్లకాగితం, పెన్సిల్. బొమ్మ గీసి, చేత్తో లెక్క కట్టి, ఆ తర్వాత ఒక ఫోన్లో కంపైల్ చేసి సరిచూసుకుందాం.

గోర్‌బోలిలో, ఎరుకల భాషలో ఐదేసి నిమిషాల ఆడియోలు చేద్దాం. ఒక్కో ఆడియోలో ఒక్కో సంగతి. వచ్చినవాళ్లు మాట్లాడండి, ఉచ్చారణ బాగోలేదని సిగ్గుపడొద్దు.

క్లాసులో డౌట్ అడగడానికి వెనకాడే చెల్లెళ్లకి ఒక మాట. ఎవరో నవ్వుతారని ఆగిపోకండి. "సార్, ఫంక్షన్‌కి సైజు ఎలా తెలుస్తుంది?" అని ఒక్క ప్రశ్న అడగండి. మంచి మాస్టారైతే ఆ ప్రశ్నకి సంతోషిస్తారు. నవ్వినవాళ్లలో ఎంతమందికి జవాబు తెలుసో కూడా అప్పుడే తేలుతుంది.

చివరగా, ఈ వారం ఈ నాలుగు చేసి చూడండి. పది అంకెల ఎర్రేలో పెద్దది వెతికే ఫంక్షన్ కాన్‌స్ట్‌తో రాయండి. ఎర్రేని తిరగేసే ఫంక్షన్ రాయండి, బయట మారిందో లేదో చూడండి. ఫంక్షన్ లోపలా బయటా సైజాఫ్ ప్రింట్ చేసి తేడా ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి. ఇంట్ ఎ[4][5] మొదలు 2000 అయితే ఎ[3][2] అడ్రస్ చేత్తో కట్టండి. జవాబు 2068 వస్తే మీకు పాయింటర్ వచ్చినట్టే. రాకపోతే మొదటి ఆదివారం జగ్గయ్యపేటకి రండి, కాగితం, పెన్సిల్ మేం తెస్తాం.